అరిజోనాలో పోయిన గులాబీ పురుగు మన పత్తిలో ఎందుకు పోవట్లేదు?

నల్లరేగడి_ఆదిలాబాద్
నాలుగెకరాల్లో బీజీ-2 పత్తి వేశాను, రెండు బీటీ జన్యువులున్న రకం. పంటకు రెండు నెలలు. పొద్దున చేను తిరుగుతుంటే గుడ్డి పూలు (విచ్చుకోకుండా ముడుచుకుపోయినవి) కనబడ్డాయి. ఒకటి విప్పి చూస్తే లోపల సన్నటి తెల్ల పురుగు, తల ఒక్కటే నల్లగా ఉంది. ఇంకా గులాబీ రంగు కూడా రాలేదు. ఫర్టిలైజర్ షాపులో అడిగితే రెండు డబ్బాలు ముందు పెట్టి "రెండూ కలిపి కొట్టు" అన్నాడు. పురుగును చంపే బీటీ అనే బ్యాక్టీరియా జన్యువు లోపలే ఉంది, కాయతొలిచే పురుగు రాదనే కదా బీటీ కొనేది?

నిన్న మా మేనల్లుడు ఒక వీడియో పంపాడు. అమెరికాలో ఈ గులాబీ పురుగు మొత్తానికే లేకుండా పోయిందట. అరిజోనాలో బ్రూస్ టబాష్నిక్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసిన పరిశోధన దానికి ఆధారమట. అదే బీటీ, అదే పురుగు. అక్కడ పోయింది, ఇక్కడ ఎందుకు పోలేదు? విత్తనంలో మోసమా? మన పురుగు వేరా? తెలిసినవాళ్లు చెప్పండి. ఖర్మ, కాలం అని చెప్పేవాళ్లు దయచేసి ఆగండి.

బావిగట్టు
వీడియో పంపిన మేనల్లుణ్ని ఒక పూట వచ్చి గుడ్డి పూలు ఏరి పొమ్మను అన్నా. సగం సమస్య తీరుతుంది.

ఎంటమాలజీ_అక్క
పురుగు వేరు కాదు. ఆ మాటకొస్తే దీనికి 1843లో శాస్త్రీయంగా పేరు పెట్టిందే మన దేశపు పత్తిలో దొరికిన నమూనాలు చూసి. అమెరికాకు అది తర్వాత వెళ్లింది. 1917లో టెక్సాస్‌లో మొదట పట్టుబడింది.

టబాష్నిక్ గారి పని గురించి అడిగారు కాబట్టి కాస్త వెనక నుంచి చెబుతాను. ఆయన మొదట హవాయిలో ఉండేవారు. అక్కడ ఆకుకూరల మీద వచ్చే డైమండ్ బ్యాక్ మాత్ అనే పురుగుకు బీటీ బ్యాక్టీరియా పొడి కలిపి కొట్టేవాళ్లు. అప్పటికి అందరి నమ్మకం ఏమిటంటే, రసాయన మందులకు పురుగు అలవాటు పడుతుంది కానీ బీటీకి పడదు అని. పొలంలోనే పురుగు బీటీకి అలవాటు పడిందని ఆయన 1990లో చూపించారు. అంటే బీటీ పత్తి మార్కెట్లోకి రావడానికి ఆరేళ్ల ముందే హెచ్చరిక ఉంది. తర్వాత అరిజోనా విశ్వవిద్యాలయానికి వచ్చి ఈ గులాబీ పురుగు మీదే కూర్చున్నారు.

లెక్క ఇదీ. వేలల్లో ఎక్కడో ఒక పురుగుకు బీటీని తట్టుకునే గుణం పుట్టుకతో ఉంటుంది. మీ చేనంతా బీటీయే అయితే బతికేది అదొక్కటే. పక్క చేలో బతికిన దానితోనే జతకడుతుంది, పిల్లలన్నీ తట్టుకునేవే పుడతాయి. అదే పక్కన కొంచెం నాన్ బీటీ పత్తి ఉందనుకోండి, అక్కడ పెరిగిన మామూలు రెక్కల పురుగులు వందల్లో ఉంటాయి. బతికిన ఈ ఒక్కటీ వాటిలో దేనితోనో జతకడుతుంది. పిల్లలకు తట్టుకునే గుణం ఒక వైపు నుంచే వస్తుంది, ఆ సగం గుణంతో బీటీ కాయ తిని బతకలేవు. ఆ నాన్ బీటీ ముక్కనే రెఫ్యూజీ అంటారు.

గుంటూరు_మిర్చి
అంటే పురుగుల పెళ్లిళ్ల కోసం నేను పొలం వదలాలి. కట్నం ఎవరిస్తారు?

బావిగట్టు
కట్నం ఏమో గాని భోజనాలు మాత్రం మనవే.

ఎంటమాలజీ_అక్క
నవ్వండి, కానీ అరిజోనాలో పని చేసింది అదే. 1996లో బీటీ పత్తి మొదలైన మరుసటి ఏడే అక్కడి పురుగుల్లో తట్టుకునే జన్యువు అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా కనబడింది. రెండు మూడేళ్లలో బీటీ పోతుందని అందరూ భయపడ్డారు. పోలేదు. రైతులు రెఫ్యూజీ వేశారు. వేశారా లేదా అని పొలాల మ్యాపులు పెట్టుకుని చూశారు కూడా. చాలా ఏళ్లలో 88 శాతం పైగా నియమం పాటించారు.

మన దగ్గర 2002లో ఒకే బీటీ జన్యువున్న బీజీ-1, 2006లో బీజీ-2 వచ్చాయి. గుజరాత్ అమ్రేలీలో 2008లో సేకరించిన పురుగులు బీజీ-1ను తట్టుకుంటున్నాయని 2010లో బయటపెట్టారు. 2014, 15 వచ్చేసరికి బీజీ-2 కూడా అదే దారి. 2017లో గులాబీ పురుగుతో మన వరంగల్, ఆదిలాబాద్ వైపు ఏం జరిగిందో ఇక్కడ చాలామంది చూసే ఉంటారు.

ఎర్రజెండా_ఖమ్మం
అక్క చెప్పింది సగం కథ. "రైతు రెఫ్యూజీ వేయలేదు, అందుకే పోయింది" అని తేల్చేయడం అందరికీ సుఖం. ఆ 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ గుర్తుందా? 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు ఇచ్చేవాళ్లు. మా ఊళ్లో ఆ విత్తనం పెడితే ఒకటి మొలిస్తే మూడు మొలిచేవి కావు. మొలిచింది బీటీ కంటే వెనక పూతకు వచ్చేది. రెండూ ఒకేసారి పూయకపోతే ఇక ఏ పురుగు దేనితో జతకడుతుంది? చేను చుట్టూ ఐదు సాళ్లో, మొత్తంలో 20 శాతమో, ఏది ఎక్కువైతే అంత వేయాలట. మూడెకరాల కౌలు రైతు 20 శాతం పురుగుకు వదిలితే కౌలు ఎవరు కడతారు? అరిజోనాలో రైతుకు వందల ఎకరాలు. వాడు ఒక మూల వదిలినా తెలియదు.

ఇంకోటి. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్ (గుత్తాధిపత్య వ్యాపారాలపై ఫిర్యాదులు వినేది) దాకా వెళ్లి కొట్లాడితే గాని ప్యాకెట్ ధర 1600 పైనుంచి 750కి దిగలేదు. టెక్నాలజీ పేరు మీద అంత వసూలు చేసినప్పుడు, ఆ టెక్నాలజీ నిలబెట్టే బాధ్యత ఎవరిది?

గుంటూరు_మిర్చి
👆 ఇది నిజం. మా నాన్న ఆ చిన్న ప్యాకెట్లను గేదెల పాకలో పడేసేవాడు. షాపువాడే "అది వేయక్కర్లేదు" అని చెప్పేవాడు.

ఎంటమాలజీ_అక్క
ఎర్రజెండా గారూ, రైతు తప్పు అని నేను ఎక్కడా అనలేదు. ఆ ప్యాకెట్ల మీద మీ ఫిర్యాదు న్యాయమైనదే. అందుకే తర్వాత పద్ధతి మార్చి, నాన్ బీటీ గింజలను అదే సంచిలో కలిపి ఇస్తున్నారు. ఇప్పుడు మీరు కొనేదాంట్లో అవి కలిసే ఉంటాయి. ఆలస్యంగా జరిగిందన్నది వేరే మాట.

గద్వాల్_సీడ్
అసలు విషయం ఇంకా ఎవరూ ముట్టలేదు. మాది నడిగడ్డ. ఇంటిల్లిపాదీ పత్తి సీడు పండించేవాళ్లమే. సాయంత్రం పూట రేపు విచ్చే మొగ్గ చూసుకుని, బొటనవేలి గోటితో పై రేకు, లోపలి పుప్పొడి తిత్తులు ఒలిచేస్తాం. కీలం ఒక్కటే మిగులుతుంది. పొద్దున్నే మగ సాళ్ల నుంచి పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతాం. ఇలా చేతితో చేసిన క్రాసింగ్ నుంచి వచ్చేదే మీరు కొనే హైబ్రిడ్ ప్యాకెట్.

ఇందులో చిక్కు ఎక్కడంటే, బీటీ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక వైపు నుంచే వస్తుంది. మీ చేలో చెట్టు ఆకు, కొమ్మ, కాయ తొక్క అంతా బీటీయే. కానీ ఆ కాయలో ఉన్న గింజలు చెట్టు తర్వాతి తరం. అక్కడ జన్యువు చీలిపోతుంది. బీజీ-1లో నాలుగు గింజల్లో ఒకదానికి బీటీయే ఉండదు. బీజీ-2లో రెండు జన్యువులు కాబట్టి పదహారింట ఒకదానికి రెండూ ఉండవు, ఆరింటికి ఏదో ఒకటే ఉంటుంది. గులాబీ పురుగు తినేది ఏంటి? గింజ.

నల్లరేగడి_ఆదిలాబాద్
ఆగాగు. అంటే ఒకే కాయలో బీటీ గింజ, బీటీ లేని గింజ రెండూ ఉన్నాయంటావా?

గద్వాల్_సీడ్
అదే అన్నా. పురుగు లోపల ఒక గింజ నుంచి ఇంకో గింజకు పోతుంది. పత్తి ఏరేటప్పుడు రెండు గింజలు అతుక్కుని కనబడతాయి చూడు, అది దాని పనే. ఒక గింజలో విషం ఉంటుంది, ఒకదాంట్లో ఉండదు. చావకుండా, కొంచెం కొంచెం రుచి చూస్తూ పెరిగే అవకాశం దొరికింది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో వేసేవి హైబ్రిడ్లు కావు, సూటి రకాలు. అక్కడ కాయలో ప్రతి గింజా బీటీయే.

ఎంటమాలజీ_అక్క
గద్వాల్ తమ్ముడు చెప్పింది నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా చేసిన కేశవ్ క్రాంతి గారు చాలాకాలంగా అంటున్న మాటే. పత్తిని హైబ్రిడ్ రూపంలో ఇంత ఎత్తున పండించేది ప్రపంచంలో ప్రధానంగా మనమే. హైబ్రిడ్ అంటే విత్తనం ఏటా కొనాలి, అందుకే కంపెనీలకు అది ఇష్టం. విత్తనం ఖరీదు కాబట్టి ఎకరాకు తక్కువ మొక్కలు, ఎడం ఎక్కువ, పంటకాలం ఎక్కువ. ఇంకా ఒకటి: 110 రోజులు దాటాక బీజీ-1 మొక్కలో విషం మోతాదు పడిపోతుందని ఆయన కొలిచి చూపించారు. పంటను ఫిబ్రవరి దాకా లాగితే పురుగుకు తక్కువ మోతాదు అందుతుంది, మొక్కలూ పచ్చగా ఉంటాయి.

చైనాలో మాత్రం ఒక తమాషా జరిగింది. యాంగ్జీ లోయలో రైతులు హైబ్రిడ్ల నుంచి తీసిన రెండో తరం విత్తనం వేశారు. అందులో నాలుగింట ఒక మొక్క నాన్ బీటీ. ఎవరూ చెప్పకుండానే చేనంతా రెఫ్యూజీ అయింది, పురుగులో తట్టుకునే గుణం వెనక్కి తగ్గింది. టబాష్నిక్ గారు చైనా శాస్త్రవేత్తలతో కలిసి 2017లో దాన్ని ప్రచురించారు. హైబ్రిడ్ అయితే చాలు పురుగు అలవాటు పడుతుందనీ కాదు, చూశారా. చీలిక చెట్ల మధ్య జరిగితే మేలు, ఒకే కాయ లోపల జరిగితే కీడు.

మొదటిసారి_రాస్తున్నా
శనగపచ్చ పురుగుకు మాత్రం బీటీ ఇంకా బాగానే పని చేస్తోంది కదా? మా చేలో పదేళ్లుగా శనగపచ్చ కోసం మందు కొట్టలేదు. దానికి ఏ రెఫ్యూజీ పెట్టాం?

ఎంటమాలజీ_అక్క
మంచి ప్రశ్న. శనగపచ్చకు కంది, శనగ, టమాటా, మొక్కజొన్న అన్నీ తిండే. మీరు పెట్టకపోయినా ఊరంతా దానికి రెఫ్యూజీ. గులాబీ పురుగుకు పత్తే దిక్కు, మహా అయితే బెండ. బీటీ పత్తి తప్ప ఇంకేమీ లేని ఊళ్లో దానికి వేరే దారి మిగలలేదు.

చాండ్లర్_ఒంగోలోడు
నేను అరిజోనాలోనే ఉంటాను. ఉద్యోగం కంప్యూటర్లది, ఇల్లు మాత్రం ఒంగోలు దగ్గర పత్తి, పొగాకు ఇల్లు. ఇక్కడ మా కాలనీ వెనక మొన్నమొన్నటి దాకా పత్తి చేలే. ఆ రైతుల్లో ఒక పెద్దాయనతో పరిచయం. ఆయన చెప్పినవి, తర్వాత నేను చదివినవి కలిపి రాస్తున్నా.

రెఫ్యూజీ ఒక్కటే అనుకుంటే పొరపాటు. అది పురుగును అదుపులో పెట్టింది, పోగొట్టలేదు. 2006లో పద్ధతి తిరగేశారు. ఫీనిక్స్‌లో ఒక పురుగుల ఫ్యాక్టరీ పెట్టి గులాబీ రెక్కల పురుగులను కోట్లల్లో పెంచారు. వాటికి రేడియేషన్ పెట్టి పిల్లలు పుట్టకుండా చేసి, చిన్న విమానాల్లోంచి పత్తి చేల మీద చల్లారు. చేలో ఉన్న కొద్దిపాటి అసలు పురుగులు వీటితోనే జతకడతాయి, గుడ్లు పెడతాయి, పిగలవు. అమెరికా, మెక్సికో కలిపి మొత్తం 1100 కోట్ల పురుగులు వదిలారు. అప్పుడు రెఫ్యూజీ అక్కర్లేదని రైతులను వందకు వంద బీటీ వేసుకోనిచ్చారు, ఎందుకంటే పైనుంచి చల్లినవే రెఫ్యూజీ పని చేస్తాయి.

నాకు నచ్చిన సంగతి: ఫ్యాక్టరీలో పురుగుల తిండిలో ఎర్ర రంగు కలిపేవారు. రంగు ఒంట్లో నిలిచిపోతుంది. చేలో పెట్టిన ఎర బుట్టలో పడ్డ రెక్కల పురుగును నలిపి చూస్తే, లోపల ఎర్రగా ఉంటే మనది, లేకపోతే అసలుది. అలా లెక్కపెట్టుకుంటూ పోయారు. 2018 అక్టోబరులో దేశం మొత్తం పత్తిలో గులాబీ పురుగు లేదని అక్కడి వ్యవసాయ శాఖ ప్రకటించింది. పెద్దాయన ఒక మాట అన్నాడు, ఖర్చులో రైతులు కూడా చందా వేసుకున్నారట, పత్తి కట్టె దున్నేయడానికి తేదీ కూడా ఉండేదట, దాటితే జరిమానా.

బావిగట్టు
1100 కోట్ల పురుగులు విమానం ఎక్కాయి. నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు.

ఎర్రజెండా_ఖమ్మం
చాండ్లర్ తమ్ముడూ, చదవడానికి బాగుంది. అక్కడ అది చేలు ఒకచోట గుత్తగా ఉన్న ఎడారి ప్రాంతం. ఇక్కడ గుజరాత్ నుంచి ఆదిలాబాద్, అక్కడి నుంచి కర్నూలు దాకా తెగకుండా పత్తే. ఎన్ని విమానాలు కావాలి?

చాండ్లర్_ఒంగోలోడు
విమానాల సంగతి వదిలేయండి. "అందరూ కలిసి ఒకే తేదీకి కట్టె తీసేయడం" అనేదానికి విమానం అక్కర్లేదు కదా. నేను చెప్పదలుచుకున్నది అది.

ఎర్రజెండా_ఖమ్మం
సరే, ఆ మాట ఒప్పుకుంటా. మా వైపు పునుకుల అని ఊరు ఉంది. బీటీ రాకముందు సంగతి. 97, 98లో పొగాకు లద్దె పురుగు దెబ్బకు వరంగల్ వైపు ఎంతమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారో ఈ వేదికలో కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ తర్వాత పునుకులలో వేప కషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను పట్టేవి), పురుగు గుడ్లు ఏరడం, ఇలా మొదలుపెట్టి 2003 నాటికి ఊరే మందు లేని ఊరు అని ప్రకటించుకుంది. ఒక రైతు చేస్తే కాలేదు, ఊరంతా దిగితే అయింది. శాస్త్రవేత్త పేపర్లో ఉన్నదీ, ఊళ్లో జరిగిందీ ఒకటే.

రెడ్డిగారి_చేను
పునుకుల ఒక్కటి చూపించి ఎంతకాలం చెబుతారు? పక్క ఊళ్లు ఎందుకు మారలేదు? మందు లేకుండా నేను రెండేళ్లు చేశాను. ఎకరాకు మూడు క్వింటాళ్లు తగ్గింది. కూలీలు దొరకరు, కషాయం మరిగించేదెవరు? బీటీ రాకముందు మా నాన్న శనగపచ్చకు వారానికోసారి కొట్టేవాడు, మొహం, చేతులు మండిపోయేవి. దాన్ని తప్పించింది బీటీయే. దాన్ని తిట్టేముందు ఆ రోజులు గుర్తుచేసుకోండి.

ఎంటమాలజీ_అక్క
మీరిద్దరూ చెప్పింది నిజమే, ఇద్దరూ వేరే వేరే పురుగుల గురించి మాట్లాడుతున్నారు. శనగపచ్చ విషయంలో బీటీ గెలిచింది. గులాబీ విషయంలో ఓడింది. ఈమధ్య రసం పీల్చే పురుగుల మందులు మళ్లీ పెరిగాయి, ఎందుకంటే పచ్చదోమకూ తెల్లదోమకూ బీటీతో సంబంధమే లేదు. హైబ్రిడ్లు చాలావరకు వాటికి సున్నితం.

రాజన్న_సిరిసిల్ల
ట్రైకో కార్డుల గురించి ఎవరూ రాయలేదేం? గుడ్డు దశలోనే చంపితే కాయ లోపలికి పోయే గొడవే ఉండదు కదా.

నల్లరేగడి_ఆదిలాబాద్
రాజన్నా, వాడావా? ఎలా ఉంది?

రాజన్న_సిరిసిల్ల
వాడాను. మొదటి ఏడు దండగ, రెండో ఏడు బాగుంది. తేడా ఎందుకొచ్చిందో చెబుతా.

కార్డు అంటే పోస్టుకార్డు కంటే చిన్న ముక్క. దాని మీద బియ్యం పురుగు గుడ్లు గసగసాలు అంటించినట్టు అంటించి ఉంటాయి, ఒక కార్డుకు దాదాపు 20 వేలు. ఆ గుడ్ల లోపల ట్రైకోగ్రామా అనే కంటికి సరిగా ఆనని బదనిక (వేరే పురుగుల మీద బతికే చిన్న కందిరీగ జాతి పురుగు) పెరుగుతుంటుంది. బదనిక పట్టిన గుడ్డు నల్లగా మారుతుంది. నల్లగా ఉంటే కార్డు మంచిది, తెల్లగా ఉంటే డబ్బు పోయినట్టే. పిగిలి బయటికొచ్చాక అవి వెతికి వెతికి కాయతొలుచు పురుగు గుడ్లలో తమ గుడ్లు పెడతాయి.

మొదటి ఏడు కార్డులు బస్సులో వచ్చాయి, మధ్యాహ్నం ఎండలో. దారిలోనే సగం పిగిలిపోయాయి. మిగిలినవి ఆకు పైన గుచ్చాను, పొద్దున చూస్తే చీమలు లాక్కుపోతున్నాయి. మూడో రోజు పక్క చేనాయన పచ్చదోమకు మందు కొట్టాడు, గాలి మా మీదికే. బదనికకు అంతకంటే పెద్ద శత్రువు లేదు.

రెండో ఏడు ఐస్ ప్యాకులో తెప్పించి, కార్డు ముక్కలు చేసి, సాయంత్రం చల్లబడ్డాక ఆకు అడుగున స్టేపుల్ కొట్టాను. ఎకరాకు మూడు కార్డులు, వారం ఎడంతో మూడు నాలుగుసార్లు, బుట్టలో రెక్కల పురుగు పడటం మొదలైన రోజు నుంచి. ముందూ వెనకా వారం మందు ముట్టలేదు, పక్క చేనాయనతో కూడా మాట్లాడి ఆపించాను. దానికి ఆయనకు ఒక సాయంత్రం కల్లు పోయించాల్సి వచ్చింది 😄

ఎంటమాలజీ_అక్క
కల్లు ఖర్చు కూడా సమగ్ర సస్యరక్షణ కింద రాయండి. గులాబీ పురుగుకు మామూలు ట్రైకోగ్రామా కంటే ట్రైకోగ్రమటాయిడియా బ్యాక్ట్రే అనే రకం బాగా పని చేస్తుంది. ఆ రకమేనా అని అడిగి తీసుకోండి.

కోనసీమ_కొబ్బరి
జీవనియంత్రణ పని చేయదనేవాళ్లు మా వైపు రండి. 2016 చివర్లో కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ వచ్చింది. ఆకు అడుగున తెల్లగా చుట్లు చుట్లుగా గుడ్లు, పైన మసి. చెట్టు కింద బండి పెడితే సాయంత్రానికి జిగట. అంత ఎత్తు చెట్టుకు మందు ఎవరు కొడతారు, కొట్టినా కింద మా చెరువులు, వాటిలో చేపలు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో మిత్రపురుగులను పెంచి ఇచ్చారు, ఐసేరియా అనే శిలీంధ్రం నీళ్లలో కలిపి పిచికారీ చేయించారు. దాని వెనకే ఎన్‌కార్సియా అనే బదనిక దానంతట అదే వచ్చి తెల్లదోమ పిల్లలను నల్లగా మార్చడం మొదలెట్టింది. పూర్తిగా పోలేదు, ఎండలకు మళ్లీ లేస్తుంది. కానీ మొదటి రెండేళ్ల గోల ఇప్పుడు లేదు.

రెడ్డిగారి_చేను
కొబ్బరి యాభై ఏళ్లు ఉండే చెట్టు. బదనికకు కాపురం పెట్టుకునేంత తీరిక ఉంటుంది. పత్తి ఆరు నెలలు.

ఎంటమాలజీ_అక్క
అది సరైన తేడా. బయటి నుంచి వచ్చిన పురుగు, పాతుకుపోయిన చెట్టు, మందు కొట్టని పొలం, ఈ మూడూ ఉన్నచోట బదనికలు అద్భుతం చేస్తాయి. ఆఫ్రికాలో కర్రపెండలానికి పిండినల్లి పట్టి కోట్లమంది తిండికి ముప్పు వచ్చినప్పుడు హాన్స్ హెరెన్ అనే స్విస్ శాస్త్రవేత్త బృందం, పరాగ్వేలో దొరికిన ఒక బదనికను తెచ్చి 1981లో నైజీరియాలో వదిలింది. విమానాల్లోంచి కూడా వదిలారు. ఒక్క మందు చుక్క లేకుండా అదుపులోకి వచ్చింది. ఆయనకు 1995లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. మన పెద్దాపురం వైపు కర్రపెండలం రైతులకు ఆ పేరు తెలియాలి.

కానీ పత్తిలో మనం కొట్టే మందులు చూశాక, నేను రైతులకు బదనికనే నమ్ముకోమని చెప్పను. అది ఒక పనిముట్టు, అంతే.

వరి_మడి
రకంలోనే తట్టుకునే గుణం పెడితే చాలనేవాళ్లకు వరి కథ కూడా చెప్పాలి. సుడిదోమను తట్టుకునే ఐఆర్26 అని ఫిలిప్పీన్స్‌లో 1973లో వదిలారు. రెండు మూడేళ్లకే దోమ దాన్ని కూడా తినడం నేర్చింది. తర్వాత ఐఆర్36 తెచ్చారు. మన వరంగల్‌లో ఉల్లికోడు పురుగును తట్టుకునే రకాలు తెచ్చినా, దాన్ని తినే కొత్త జాతి ఉల్లికోడు తయారైంది. జన్యువు బీటీ బ్యాక్టీరియాది కావచ్చు, వరిదే కావచ్చు, పురుగుకు తేడా లేదు.

మొదటిసారి_రాస్తున్నా
మా దగ్గర బీజీ-3 వచ్చిందంటున్నారు, గులాబీ పురుగు రాదట. నిజమా? ప్యాకెట్ మీద బిల్లు ఇవ్వరట.

గద్వాల్_సీడ్
బిల్లు ఇవ్వనప్పుడే అర్థం కావాలి. మన దేశంలో బీజీ-3కి అనుమతే లేదు. ఆ పేరుతో అమ్మేది గడ్డి మందు తట్టుకునే పత్తి. గులాబీ పురుగుకు దానితో ఏ సంబంధమూ లేదు. కేసు పడితే పంట పోయినా నష్టపరిహారం అడిగే దారి కూడా ఉండదు.

అడ్మిన్
విత్తనాల దళారుల ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. మందుల బ్రాండ్ పేర్లు రాయొద్దు. చర్చ కొనసాగించండి.

నల్లరేగడి_ఆదిలాబాద్
చాలా తెలిసింది. కానీ నా చేలో పురుగు ఈ రాత్రికి ఆగదు కదా. ఈ వారం ఏం చేయాలి అక్కా? షాపువాడి రెండు డబ్బాలు కలిపి కొట్టనా?

ఎంటమాలజీ_అక్క
కలపకండి. 2017లో యవత్మాల్‌లో మందు పిచికారీ చేస్తూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. కలిపి కొట్టడం అందులో పెద్ద కారణం. పైగా పురుగు పూవు, కాయ లోపల ఉంది. మందు దానికి తగలదు, మిత్రపురుగులకు తగులుతుంది.

ముందు గుడ్డి పూలు ఏరి సంచిలో వేసుకుని కాల్చేయండి. చేలో పడేస్తే ఫలితం లేదు, పురుగు అందులోంచి నేలలోకి పోతుంది. లింగాకర్షక బుట్టలు పెట్టి పొద్దున్నే లెక్క రాయండి. బుట్టకు రోజుకు ఎనిమిది రెక్కల పురుగులు, వరుసగా మూడు రోజులు పడితే జాగ్రత్త పడాలి. అప్పుడు చేనంతా అటూ ఇటూ తిరిగి 20 పచ్చి కాయలు కోసి పగలగొట్టి చూడండి. రెండింట్లో పురుగు ఉంటేనే మందు. ఒకే మందు, దగ్గరి ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడిగి. అంతకు ముందైతే వేపనూనె సరిపోతుంది. సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే రకం రసాయన మందులు ఇప్పుడే కొడితే వచ్చే నెల తెల్లదోమతో మళ్లీ ఇక్కడికే వస్తారు.

నల్లరేగడి_ఆదిలాబాద్
ఈ సాయంత్రం వేపచెట్టు కింద కూర్చున్నప్పుడు చాండ్లర్ తమ్ముడి పోస్టు చదివి వినిపించా. డిసెంబరు ఆఖరుకల్లా ఏరడం ఆపేసి గొర్లను తోలి, కట్టె దున్నేద్దామంటే చాలామంది సరే అన్నారు. బోరు ఉన్న ఇద్దరు మాత్రం ఒప్పుకోలేదు. ఫిబ్రవరిలో ఇంకో ఏరుడు వస్తుంది, ధర కూడా బాగుంటుంది, మేమెందుకు వదలాలి అంటున్నారు.

రెడ్డిగారి_చేను
నాకూ బోరు ఉంది. వాళ్ల బాధ నాకు తెలుసు. ఆ ఆఖరి ఏరుడు ఎకరాకు రెండు క్వింటాళ్లు రావచ్చు. ఎవరో ఒకరు ఆ డబ్బు చూపించకుండా "ఊరి కోసం వదులు" అంటే ఎవరు వింటారు?

ఎంటమాలజీ_అక్క
ఆ ఆఖరి ఏరుడు పత్తిని విడిగా సంచిలో పట్టించి ధర చూడమనండి. గుడ్డి పత్తి, మచ్చ పత్తికి మిల్లువాడు ఎంత కోస్తాడో, నీళ్లు, కూలీ పోగా ఏం మిగిలిందో కాగితం మీద వేయమనండి. ఆ నీటితో జనవరిలో మొక్కజొన్నో, నువ్వులో వేస్తే ఏమొస్తుందో పక్కనే రాయండి. ఒప్పుకోకపోతే కనీసం వాళ్ల చేను చుట్టూ బుట్టలు మీరే పెట్టండి, అక్కడి నుంచే వచ్చే ఏటి పురుగు బయల్దేరుతుంది.

రాజన్న_సిరిసిల్ల
పత్తి కట్టె ఇంటి దగ్గర వంటచెరకుగా వామి వేసుకుంటే కూడా అంతే. అందులో నిద్రపోయిన పురుగు జూన్ వానకు లేస్తుంది. ఇది మా ఊళ్లో ఎవరికీ ఎక్కట్లేదు. జిన్నింగ్ మిల్లు పక్కన చేలున్నవాళ్లు మిల్లు ఆవరణలో కూడా బుట్టలు పెట్టించమని అడగండి.

నల్లరేగడి_ఆదిలాబాద్
రేపు పొద్దున్నే ఉట్నూరు పోయి బుట్టలు తెస్తా. ఎకరాకు ఎన్ని? ఏ ఎత్తులో కట్టాలి?

గద్వాల్_సీడ్
చూడ్డానికైతే ఎకరాకు రెండు చాలు, మూకుమ్మడిగా పట్టడానికైతే ఎనిమిది దాకా. మొక్క కంటే అడుగు ఎత్తులో కట్టు, పంట పెరిగేకొద్దీ పైకి జరుపు. ఎర గొట్టం నెలకోసారి మార్చాలి. కొనేటప్పుడు గులాబీ పురుగుదేనా అని కవరు మీద చదివి తీసుకో అన్నా, సీజన్లో శనగపచ్చది అంటగడతారు.